మిలన్ వాళ్ళమ్మ గంట

ఎమిల్ హుడాక్ ఇంట్లో పైభాగం చూస్తే, భార్య పోయిన మగాడి ఇల్లు ఎలా ఉండాలో అలాగే ఉంటుంది. సింకులో గిన్నెలు, కుర్చీల మీద చొక్కాలు. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే మాత్రం గుడిలోకి వెళ్ళినంత శుభ్రం. గోడ కనపడకుండా క్యాసెట్లు, అన్నీ ఒక్క బ్యాండువే. స్లాగ్ హిల్ అని, అమెరికాలోని మా యంగ్స్‌టౌన్ కుర్రాళ్ళు నలుగురు పెట్టిన రాక్ బ్యాండు. ఊళ్ళో ఉక్కు మిల్లులు నడిచినన్నాళ్ళు నడిచింది. మిల్లులు మూతపడ్డాక వాళ్ళూ చెట్టుకొకరు, పుట్టకొకరు అయిపోయారు. ఊరు దాటితే ఆ పేరు ఎరిగినవాడు లేడు. ఎవరి పిచ్చి వారికానందం అని వదిలేద్దామంటే, ఈ పిచ్చి చివరికి ఒక ముసలామె ఉసురు పోసుకుంది.

ఎమిల్ చేసే పని ఇది. ఆ రోజుల్లో ఒకే కచేరీని నలుగురైదుగురు అభిమానులు హాల్లో తలోచోటా కూర్చుని, టోపీల్లో, కోటు జేబుల్లో మైకులు దాచుకుని రికార్డు చేసేవాళ్ళు. ఒకడి టేపులో పాడేవాడి గొంతు బాగా పడేది, ఇంకొకడి దాంట్లో డ్రమ్ములు బాగా పడేవి, మూడోవాడి దాంట్లో పక్కవాడి దగ్గు బ్రహ్మాండంగా పడేది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా పోతుంటే అన్నిటినీ ఒక నడకకి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పరిచి, మంచిది పైకి తేల్చి, చెడ్డది అణిచి, ఒక్క కచేరీగా చేసేవాడు. ఒక్కో పాటకి వారాలు పట్టేది. పూర్తయ్యాక అభిమానులందరికీ ఊరికే పంచేవాడు. ఆ గుంపుకి రెండు కట్టుబాట్లున్నాయి. టేపు అమ్మకూడదు. ఊరికే వచ్చినదానికి వంక పెట్టకూడదు. మొదటిది మంచి కట్టుబాటే. కొంప ముంచింది రెండోది.

ఎమిల్ జీవితమంతా రేకులు నొక్కే ప్రెస్సు పక్కన నిలబడి పనిచేసినవాడు. ఆ మోత ముందు సన్నటి శబ్దాలను తినేస్తుంది. మాటలు వినపడుతూనే ఉంటాయి కాబట్టి చెవులు పోయాయని మనిషికి తెలియదు. కూతురు మార్లీన్‌కి తెలిసింది. ప్రతి శుక్రవారం చర్చి హాలు నుంచి వేయించిన చేప తెచ్చి తండ్రితో కలిసి తినడం ఆమె అలవాటు. ఒక శుక్రవారం వచ్చేసరికి, పొగ వస్తే అరిచే డబ్బా బ్యాటరీ అయిపోయి వంటింటి కప్పు మీద కీచుకీచుమంటోంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా అరుస్తోందని అడిగితే, ఏది అరుస్తోందన్నాడు ఎమిల్. ఆమె కుర్చీ ఎక్కి బ్యాటరీ మార్చి, చెవులు చూపించుకోమని మెల్లగా చెప్పింది. స్లాగ్ హిల్ పాటల్లో ఏ తీగ ఎప్పుడు తెగిందో చెప్పగల చెవులివి, వీటికి డాక్టరెందుకని కొట్టిపారేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆ వేసవిలోనే వెర్నా పెట్రెక్ అతనికి ఫోను చేసింది. డ్రమ్ములు వాయించిన మిలన్‌కి ఆమె అక్క. ఎనభై దాటిన మనిషి. అటక మీద తమ్ముడి ట్రంకుపెట్టెలో ఒక పెద్ద టేపు చుట్ట దొరికిందని, దాని మీద స్లోవాక్ హాలు అని రాసుందని చెప్పింది. ఎమిల్ ఫోను పెట్టకముందే కారు తాళాలు వెతకడం మొదలెట్టాడు. బ్యాండు ఆఖరి కచేరీ జరిగింది ఆ హాల్లోనే. ఇది ఆ రోజు వేదిక మీది మైకులన్నీ కలిసే పెట్టె నుంచి నేరుగా తీసిన టేపు. అలాంటిదొకటి ఉందని వినడమే కానీ చూసినవాడు లేడు.

ఆ కచేరీలో ఒక సంగతుంది. మిలన్ తన డ్రమ్ముల పక్కన చిన్న ఇత్తడి గంట కట్టుకునేవాడు. వాళ్ళమ్మది. సాయంత్రాలు పిల్లల్ని అన్నానికి పిలవడానికి ఆవిడ వాకిట్లో నిలబడి ఆ గంట కొట్టేది. ఆఖరి పాట చివర వాయిద్యాలన్నీ ఆగిపోయాక, మిలన్ దాన్ని ఒక్కసారి కొట్టి పుల్ల కింద పెట్టేశాడు. ఆ రోజు వెర్నా ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీలో ఉండి వెళ్ళలేకపోయింది. ఆ చలికాలంలోనే మిలన్ లారీ మంచు మీద జారి బోల్తాపడింది. బెంగతో తల్లీ పోయింది. డ్రమ్ములు, గంట ఎవరి పాలయ్యాయో దేవుడికెరుక. ఉన్న టేపుల్లో సరిగ్గా గంట దగ్గరికొచ్చేసరికే దరిద్రం. ఆ గుంపులోనే ఎమిల్‌కి పాత స్నేహితుడు కర్టిస్ బాల్కనీలో కూర్చుని తీసిన టేపులో ఎవడో తాగుబోతు ఈల వేసి గంటని మింగేశాడు. ముందు వరుస టేపు అప్పుడే ఒక పక్క అయిపోయి ఆగింది. గంట ఉంటే గింటే ఈ చుట్టలోనే ఉండాలి.

ఎమిల్ ఆ రోజు వేదికకి ఆనుకుని నిలబడ్డాడు. గంట చెవులారా విన్నవాడు. ఆ సంగతి వెర్నాకి తెలుసు. చుట్ట అతని చేతుల్లో పెడుతూ అంది:

"పాటలన్నీ నాకెందుకు ఎమిల్? మా అమ్మ గంట ఒక్కటి వినిపించు. అది విని పోతాను."

వినిపిస్తానని మాటిచ్చాడు.

చుట్ట చూస్తే ప్రాణం ఉసూరుమంది. అటక మీద ఎండలకి, చెమ్మకి టేపు బంకబంకగా అంటుకుపోయింది. అలాంటిదాన్ని సన్నటి వేడి మీద ఆరబెడితే కొన్నాళ్ళు తేరుకుంటుంది. ఎమిల్ యాపిల్ ముక్కలు ఎండబెట్టుకునే పెట్టెలో పెట్టి, గంటగంటకీ తిప్పుతూ, చంటిబిడ్డకి కాపడం పెట్టినట్టు పెట్టాడు. అయినా కొసన వేలు తగిలితే గోధుమరంగు పొడి రాలుతోంది. ఆ పొడిలోనే పాట ఉంటుంది. ఒక్కసారి తిరిగితే మళ్ళీ తిరిగే టేపు కాదది. ఎమిల్‌కీ తెలుసు, చూడ్డానికి వచ్చిన కర్టిస్‌కీ తెలుసు.

ఇక మిగిలింది యంత్రం తల సరిచేయడం. టేపుని చదివే ఆ తల పిసరంత వాలినా సన్నటి శబ్దాలన్నీ పోతాయి. పక్కనున్న చిన్న మరమేకుని తిప్పుతూ, ఎక్కడ తేటగా వినపడితే అక్కడ ఆపాలి. పాతకాపులందరూ చెవితోనే తిప్పుతారు, అదే వాళ్ళ గొప్ప. ఎమిల్ తుడవడం కోసం తల విప్పి మళ్ళీ బిగించి ఉన్నాడు. కర్టిస్ కాసేపు నీళ్ళు నమిలి, చివరికి అనేశాడు.

"ఒరేయ్, మర తిప్పేటప్పుడు మార్లీన్‌ని పక్కన కూచోబెట్టుకో. కుర్ర చెవులు కదా."

"నా చెవులకేం వచ్చిందిరా?"

"ఏం రాలేదు. ఒకటికి రెండు జతలుంటే మంచిదని."

"ఇన్నేళ్ళుగా నువ్వు వింటున్నదంతా ఈ ఒక్క జత చేసిందే. అప్పుడు లేని అనుమానం ఇప్పుడొచ్చిందా? నీ ఈల టేపు నువ్వు వినుకోపో."

కర్టిస్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకొక్క మాట అని ఉంటే ఏమయ్యేదో. కట్టుబాటు మనిషి, అనలేదు.

ఎమిల్ ఒక్కడే కూర్చుని, పక్కనున్న పాత టేపొకటి వేసి మర తిప్పాడు. ఎటు తిప్పినా ఒకేలా వినపడింది. అప్పుడైనా అనుమానం రావద్దూ? తల అంత చక్కగా కూర్చుందని మురిసిపోయాడు! తర్వాత మిలన్ టేపు ఎక్కించాడు. చుట్ట తిరుగుతుంటే యంత్రం కింద గోధుమరంగు పొడి కుప్పపడింది. ఆఖరి పాట అయింది, వాయిద్యాలు ఆగాయి, గంట మోగింది. ఎమిల్ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

చలికాలం దాకా కూర్చుని ఆ టేపుకి కర్టిస్ టేపు, ముందు వరుస టేపు కలిపి కచేరీ పూర్తిచేసి అందరికీ పంచాడు. అభిమానులందరూ ధన్యవాదాలు రాశారు. గొప్ప పని చేశావన్నారు. కర్టిస్ కూడా అదే రాశాడు. కంబళి కప్పుకుని వాయించినట్టు ఉందేమిటని ఒక్కడూ అడగలేదు.

వెర్నా ఇంట్లో కంప్యూటరు లేదు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మార్లీన్ ఆమెని కారులో తీసుకొచ్చింది. ముసలామె మంచి కోటు వేసుకుని, గసగసాల రొట్టె చేసి తెచ్చింది. మెట్లు దిగలేదని ఎమిల్ కంప్యూటరునీ, స్పీకర్లనీ వంటింట్లోకి మోసుకొచ్చాడు. ఆఖరి పాట పెట్టాడు. తమ్ముడి చేతులు డ్రమ్ముల మీద నడుస్తుంటే వెర్నా కళ్ళు మూసుకుని తల ఊపుతూ కూర్చుంది. పాట అయిపోవచ్చింది. ఎమిల్ చూపుడువేలు పైకెత్తాడు.

"అదిగో" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

వెర్నా కళ్ళు తెరిచింది. మళ్ళీ పెట్టమంది. పెట్టాడు. మళ్ళీ వేలెత్తాడు. ఆమె స్పీకరుకి చెవి ఆనించి మూడోసారి పెట్టించుకుంది. తర్వాత అతన్ని అడగలేదు, మార్లీన్ వంక తిరిగింది.

"నీకు వినపడిందా అమ్మా?"

మార్లీన్‌కి తండ్రి మొహం చూడబుద్ధి కాలేదు. బల్లమీది రొట్టె వంక చూస్తూ చెప్పింది.

"అక్కడ ఏమీ లేదు నాన్నా. పాట ఆగాక ఉత్త నిశ్శబ్దమే."

ఎమిల్ కోప్పడలేదు. ఇంకోసారి పెట్టుకుని విన్నాడు. గంట మోగింది. కుడిచేతి వైపున్న గిన్నె మూత తీసి, పక్కనే ఉన్న చెంచాతో దాన్ని కొట్టాడు. చెంచా తగిలిన దెబ్బ చేతికి తెలిసింది. చెవికి టక్కుమని మొద్దు చప్పుడొకటి వచ్చి ఆగింది. ఆ తర్వాత మోగాల్సింది మోగలేదు. మూత ఇంకా మోగుతుంటే మార్లీన్ వేలుపెట్టి ఆపింది. ఆ వేలు చూశాక అతనికి మొత్తం అర్థమైంది. టేపులో కాదు, స్లోవాక్ హాల్లో నిలబడ్డ నాటి గంట ఇన్నాళ్ళూ తన బుర్రలో మోగుతోంది. దాన్ని నమ్ముకుని మర తిప్పాడు.

"అసలు టేపు ఉంది కదా, అది పెట్టు" అంది వెర్నా.

ఎమిల్ కిందికి వెళ్ళి డబ్బా తెచ్చి మూత తీశాడు. టేపు మీది పూతంతా రాలిపోయి గాజులా తేటగా ఉంది. అడుగున గుప్పెడు పొడి. చేతులు కాలాక పట్టుకోడానికి ఆకులైనా మిగల్లేదు.

"నీకైతే వినపడుతోంది కదా" అంది ఆమె డబ్బాలోకి చూస్తూ.

"వినపడుతోందండీ."

"నీకు వినపడితే నాకేం లాభం ఎమిల్?"

తిట్టినా బాగుండేది. కోటు గుండీలు పెట్టుకుంది. రొట్టె అక్కడే వదిలి, మార్లీన్ చెయ్యి పట్టుకుని కారు దాకా నడిచింది. ఆమెని దింపి మార్లీన్ తిరిగొచ్చేసరికి తండ్రి అదే కుర్చీలో, స్పీకర్ల వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. రొట్టె ముట్టలేదు.

"అది ఆపెయ్యమ్మాయ్" అన్నాడు. "మాటిమాటికీ మోగుతోంది, వినలేకపోతున్నాను."

"వెళ్ళేటప్పుడే ఆపేశాను నాన్నా."