నంబరు లేని స్లైడ్లు

కొత్త జిల్లా ఏర్పడ్డాక వచ్చిన రెండో వానాకాలంలో నన్ను మలేరియా సబ్‌యూనిట్ ఆఫీసర్‌గా టేకులపల్లి అవతల, అడవిలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. పేరులో ఆఫీసర్ ఉంది గానీ, చేసే పని జ్వరాల సర్వే సరిగ్గా జరుగుతోందా అని చూడటం, రిజిస్టర్లు తనిఖీ చేయడం, దోమల మందు కొట్టించడం. నేను బీఎస్సీ జువాలజీ. నాతో చదివినవాళ్లు ఖమ్మం కోచింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ కార్లలో తిరుగుతుంటే, నేను అదే ఖమ్మం నుంచి రోజూ రెండు బస్సులు మారి అడవిలో దిగేవాణ్ణి. ఆ ఉద్యోగం నాకు ఒక్కరోజు కూడా నచ్చలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

నా కింద ముఖ్యమైనవాళ్లు ఇద్దరు. ముత్తయ్య హెల్త్ అసిస్టెంట్, చదివింది పదో తరగతి. ముప్పై ఏళ్లుగా గూడేల్లో తిరుగుతూ, జ్వరమున్నవాళ్ల ఎడమచేతి ఉంగరపు వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం పూసి తెచ్చేవాడు. ఆ పలకనే మేం స్లైడ్ అంటాం. రెండో అతను శ్రవణ్, కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్. ఆ స్లైడ్లకు రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, మలేరియా క్రిమి ఉందో లేదో చూసి రాయడం అతని పని. ఆ పోస్టుకు డిప్లొమా చాలు. అతనికి ఆ పైన ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ కూడా ఉంది.

అంత చదివి ఇక్కడికెందుకొచ్చావని మొదటిరోజే అడిగాను. హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్‌లో చేశాడట. అక్కడ రోజంతా రక్తపు గొట్టాలు వచ్చేవి, వాటి మీద గీతల చీటీ తప్ప మనిషి పేరుండేది కాదట. ఇక్కడైతే మధ్యాహ్నం చూసిన స్లైడ్ ఎవరిదో సాయంత్రానికి ఆ మనిషి ఎదురుగా నిలబడి మాత్రలు తీసుకుంటాడని, అది తనకు బాగుందని చెప్పాడు. ఇంటర్వ్యూలో చెప్పే మాట ఇక్కడ చెబుతున్నాడే అనుకున్నాను. బీఎస్సీ చదివిన నాకే ఇక్కడ ఊపిరాడటం లేదు, ఎమ్మెస్సీకి బాగుండటమేమిటి!

అక్కడి నుంచి నాకతని ప్రతి పనీ అనుమానంగానే కనిపించింది. టెక్నీషియన్ గూడేలకు వెళ్లనక్కర లేదు. ఇతను మాత్రం జ్వరాలు ముమ్మరంగా ఉన్నాయని రెండు గూడేల సర్వే తనే మీద వేసుకున్నాడు. సెలవు పెట్టడు, ట్రాన్స్‌ఫర్ అడగడు. ఎంత వానలో తిరిగొచ్చినా మొహం వేలాడేసుకోడు. దీని వెనుక ఏదో ఉంది, లేకపోతే ఎవడుంటాడు అనుకున్నాను.

ఒకరోజు పొద్దున అతను గూడేనికి వెళ్లినప్పుడు ల్యాబ్ తనిఖీ చేశాను. రంగు సీసాల వెనుక ఒక చెక్క డబ్బా దొరికింది. అందులో రక్తం పూసిన స్లైడ్లు నలభై దాకా ఉన్నాయి. ప్రతి స్లైడ్ మీద పెన్సిల్‌తో నంబరు వేయాలి, ఆ నంబరు రిజిస్టర్‌లో పేరుతో కలవాలి. వీటిలో ఒక్కదానికీ నంబరు లేదు. మా శాఖలో పాత మోసం ఒకటుంది. ఇల్లు కదలకుండా ఒక్కడి రక్తమే నాలుగైదు స్లైడ్ల మీద పూసి, నాలుగైదు పేర్లు రాసి సర్వే అయిందనిపిస్తారు. అందుకే ఈ నిల్వ పెట్టుకున్నాడని నాకు ఖాయమైపోయింది.

కాంట్రాక్టు పొడిగింపుకు నేను పనితీరు నోట్ పంపాల్సిన చివరి రోజు కూడా అదే. ముందు విచారణ, తర్వాత నోట్, అదీ పద్ధతి. నేను తలకిందులు చేశాను. “సర్వే నిజాయితీపై సందేహం ఉంది” అని రాసి, మధ్యాహ్నం తపాలాలో జిల్లా ఆఫీసుకు పంపేశాను. దొంగను పట్టానని ఆ సాయంత్రం బస్సులో హాయిగా కూర్చున్నాను కూడా.

మర్నాడు ఆధారాల కోసం అతను సర్వే చేసిన గూడేనికి వెళ్లాను. రిజిస్టర్‌లో ముందురోజు పదకొండు పేర్లున్నాయి. ప్రతి ఇంటి గోడ మీద సర్వే చేసిన తేదీ, పొడి సంతకం ఉండాలి. ఉన్నాయి. ఒక్కొక్కరినీ పిలిచి ఉంగరపు వేలు చూశాను. పదకొండు వేళ్లకూ గుచ్చిన గుర్తుంది. అందులో ఒక ముసలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని అడిగింది: “నిన్న ఆయనొచ్చి గుచ్చె, ఇయ్యాల నువ్వొచ్చి సూడవడ్తివి. మా ఏళ్లల్ల ఏమున్నది సారూ?”

ఆరోగ్య కేంద్రానికి తిరిగొచ్చేశాను. అయినా నా అనుమానం పోలేదు, డబ్బా సంగతి తేలలేదు కదా! భోజనాల వేళ దాటాక చెప్పులు బయటే విడిచి, చప్పుడు కాకుండా ల్యాబ్ తలుపు తోశాను.

మైక్రోస్కోప్ ముందు కూర్చున్నది ముత్తయ్య. పక్కన ఆ చెక్క డబ్బా తెరిచి ఉంది. శ్రవణ్ వెనుక నిలబడి, ఇప్పుడు చూసిందేమిటో చెప్పమంటున్నాడు. నన్ను చూసి ముత్తయ్య గబుక్కున లేచాడు. ఆ స్లైడ్లు తనవేనన్నాడు. మలేరియా ఉందని తేలినవాళ్లను అడిగి, ఒక చుక్క ఎక్కువ తీసి పూసుకున్నవట. నేర్చుకోవడానికి కాబట్టి నంబరు వేయలేదట.

“ముప్పై ఏండ్ల సంది గుచ్చుతున్న సార్. గుచ్చిన దాంట్ల ఏముంటదో నాకెవ్వలు సూపియ్యలే. ఈ సారు సూపిస్తండు” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముప్పై ఏళ్లలో అతనికి పై అధికారులుగా వచ్చినవాళ్లంతా డిగ్రీలున్నవాళ్లే. నేనూ ఒకణ్ణి.

అదే రోజు నోట్ వెనక్కి తీసుకుంటున్నానని రెండో లెటర్ రాసి, మర్నాడు స్వయంగా జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లాను. సెక్షన్ క్లర్క్ దాన్ని చదివి, మొదటిది అప్పటికే ఫైల్లో పైకి వెళ్లిపోయిందన్నాడు. రెండోది నా చేతికే తిరిగిచ్చాడు. “మొన్న సందేహమున్నదంటిరి, ఇయ్యాల లేదంటున్నరు. గిట్ల రాస్తే రేపు మీ మీదనే సందేహమొస్తది సార్.” అయినా అక్కడే పెట్టి రసీదు తీసుకుని వచ్చాను. లాభం లేకపోయింది. శ్రవణ్ కాంట్రాక్టు పొడిగించలేదు.

వెళ్లేరోజు అతను మైక్రోస్కోప్ అద్దాలు తుడిచి, రిజిస్టర్లన్నీ లెక్కప్రకారం అప్పజెప్పాడు. నోట్ రాసింది నేనేనని నేనే చెప్పాను.

“డబ్బా ఎవరిదని అడిగితే చెప్పేటోణ్ని గద సార్” అన్నాడు. అంతే.

ఆ పోస్టులోకి నాలుగు నెలల దాకా ఎవరూ రాలేదు. స్లైడ్లను బస్సులో వేరే కేంద్రానికి పంపేవాళ్లం. ఫలితం రావడానికి ఐదారు రోజులు. అక్కడికక్కడే చూసే కిట్లున్నన్నాళ్లు ఫర్వాలేదు, అవి అయిపోయిన వారాల్లో జ్వరమున్నవాళ్లు ఆ ఐదారు రోజులూ వణుకుతూ ఎదురుచూశారు. ముత్తయ్య స్లైడ్లు పంపేముందు తనూ చూసి, క్రిమి ఉందనుకున్న నంబర్లు ఒక కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టేవాడు. పదో తరగతివాడి మాట మీద ఫలితం రాయడానికి రూలు లేదు. ఆ కాగితాన్నీ వచ్చిన ఫలితాలనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఒక నెలపాటు చూశాను. ఆ నెలలో ఒక్కటీ దొరకలేదు.

ఎక్కువ చదివినవాడు చిన్న పనిలో సంతోషంగా ఉంటే ఏదో దాస్తున్నాడనుకున్నాను. అతనికి ఆ పని ఎందుకు నచ్చిందో మొదటిరోజే చెప్పాడు. నాకు నచ్చని పని ఇంకొకరికి నచ్చడం నేను ఓర్వలేకపోయాను. తనిఖీ చేసేవాడు ముందు అడగాలి, తర్వాత చూడాలి, చివర్న రాయాలి. నా సర్వీసు మొత్తంలో ఆ వరుస తప్పింది ఒక్కసారే. ఉద్యోగం పోయింది మాత్రం నాది కాదు.