పిండిమర మీది గది

మా తమ్ముడు బొమ్మలకు కళ్ళు దిద్దుతాడు. మట్టి బొమ్మలు ఒకరు చేస్తారు, రంగులు ఇంకొకరు వేస్తారు, కళ్ళు మాత్రం వీడే. పెళ్ళి ఊసెత్తితే, "రోజూ ఇంతమందిని చూస్తున్నాను కదక్కా, చాల్లే" అనేవాడు.

పిండిమర పైన గది అద్దెకు తీసుకున్నప్పుడు అందరూ నవ్వారు. మర తిరిగితే నేల అదిరేది, గ్లాసులో నీళ్ళు వణికేవి. వాడు బల్ల కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టి, బల్లను కిటికీకి ఆనించుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఆ అదురుతో పాటే కుంచె కదిపేవాడు. కింద వరసలో నిలబడ్డవాళ్ళే వాడికి పాఠం. తన సంచీ మీదే కన్నేసి ఉంచిన ముసలాయన, తన వంతు దాటిపోయిందని మూతి ముడుచుకున్న ఇల్లాలు, అందరి చూపులూ బొమ్మల్లోకి ఎక్కేవి. వాళ్ళలో ఒక్కరితోనూ వీడు మాటాడి ఎరగడు.

మర మూతపడింది. నెల తిరక్కుండానే బొమ్మల దుకాణదారు బుట్టెడు బొమ్మలు తిప్పి పంపాడు. "అన్నీ ఒకేలా చూస్తున్నాయి. మళ్ళీ ఇలాగే వస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటా" అన్నాడట.

నేను వెళ్ళేసరికి కుంచె పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ముందున్న బొమ్మకు కనుబొమ్మ వంకరపోయింది.

"చెయ్యి వణుకుతోందట్రా?"

"చెయ్యి కాదక్కా. గది కదలడం లేదు."

"పిచ్చి బాగానే ముదిరింది. పద మా ఇంటికి."

నా కుట్టుమిషను బల్ల చివర వాడికి చోటిచ్చాను. కుట్టడానికి గుడ్డ లేకపోయినా, దారం తీసేసి ఉత్తినే తొక్కాను. బల్ల అదిరింది. వాడి భుజాలు దిగాయి.

"కాస్త జోరుగా అక్కా."

"ఎద్దుననుకున్నావురా నన్ను?"

"మాటాడకు. మొహం కదులుతోంది."

నన్ను నోరు మూసుకోమన్న మగాడు ఇంతవరకూ బాగుపడలేదు. అయినా మూసుకున్నాను.

దుకాణదారు ఈసారి బొమ్మలు ఉంచుకున్నాడు. కళ్ళలో ప్రాణం ఉందన్నాడు. కాకపోతే ఒక్కో బొమ్మా ఎవరినో తిట్టబోతున్నట్టుందట.

ఇప్పుడు రోజూ వస్తాడు. నా మొహంలోకి చూస్తాడు, దిద్దుకుంటాడు, బుట్ట సర్దుకుని వెళ్ళిపోతాడు. తిన్నావా అనైనా అడగడు. నేను కాలు ఆపితే మాత్రం, "ఏమైందక్కా?" అంటాడు.

అందుకే అప్పుడప్పుడూ ఆపుతూ ఉంటాను.