ఈ వరుసకి ఏం తెమ్మంటారు?

దార్ పట్నం నుంచి మ్వాన్జా ఊరికి వెళ్లే విమానంలో తిండి బండి కదిలిందంటే చాలు, జనం మొహాలన్నీ కిటికీల వైపు తిరిగిపోయేవి. కిటికీ పక్కన సీటు లేనివాళ్లు కూడా పక్కవాడి భుజం మీంచి కిటికీలోకే చూసేవారు. కింద ఏముందని? ఎండిన పొలాలు, మట్టి దారులు. పుట్టినప్పట్నించీ చూస్తున్నవే. అయినా ఎవరో ఆ పూటే కొత్తగా తెచ్చి పరిచినట్టు ఒకటే చూడడం. న్యామిజి బండి తోసుకుంటూ దాటిపోయాకగానీ ఆ మెడలు ఇటు తిరిగేవి కావు.

"కోడి చపాతీ ఉందండీ. సంబూసా ఉంది, అల్లం టీ ఉంది" అని ఆమె అడగడం, "వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం" అని వాళ్లనడం. ఎక్కడ తిన్నారు తల్లీ! తెల్లారకముందే లేచి, ఎయిర్‌పోర్టులో బెల్టులూ బూట్లూ విప్పి, మళ్లీ తొడుక్కుని, పరుగున వచ్చి కూర్చున్న జనం. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని ఆమెకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

ఆమె పని చేసేది చవక టికెట్ల కంపెనీలో. మంచినీళ్లు ఊరికే ఇస్తారు, తక్కినవన్నీ కొనుక్కోవాలి. "టికెట్టుకి అంత పోశాను, ఒక మందాజీ రొట్టె ముక్క రాదా అందులో?" అని దెబ్బలాడేవాళ్లు కొందరుండేవారు. వాళ్లంటేనే న్యామిజికి ఇష్టం. కనీసం బండి వంక చూసి మాట్లాడేవారు.

న్యామిజిది న్జెగా. అక్కడ బస్టాండులో వాళ్లమ్మ ఉడికించిన గుడ్లు అమ్మేది. బడి లేని రోజుల్లో న్యామిజి కూడా బుట్ట నెత్తిన పెట్టుకుని కదిలే బస్సుల వెంట పరిగెత్తింది. ఒకనాడు తల ఎత్తి ఆకాశంలో పోతున్న విమానాన్ని చూసి ఉద్యోగం కలగందని చెబితే బాగుండును గానీ, అదేం లేదు. పక్కింటావిడ కూతురు దరఖాస్తు పెడుతుంటే తోడుగా తనూ పెట్టింది. మొదటిసారి, పైన సామాను అర అందుకోలేదని పంపేశారు. రెండోసారి ఇంగ్లీషు తడబడిందని పంపేశారు. మూడోసారికి మునివేళ్ల మీద నిలబడడం నేర్చుకుంది, ఇంగ్లీషు కూడా కాస్త లొంగింది. తీసుకున్నారు. అయితే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ దారిలో బండి పెట్టడమే కంపెనీకి కొత్త. వానలు వెలిసేలోపు అమ్మకాలు పుంజుకోకపోతే బండీ ఉండదు, బండి కోసం తీసుకున్న న్యామిజీ ఉండదు. ఆ మాట అమ్మకాల పెద్ద ముషుంబుసి గారు మొదటిరోజే చెప్పేశారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. మెల్లగా చెబుతారు, అందుకే ఆయన మాటంటే మరీ భయం.

సాయంత్రం విమానం దిగాక మిగిలిన చపాతీలన్నీ చెత్త సంచిలో వేసెయ్యాలి. అదీ నియమం. గుడ్డు ముక్క నేలపాలైతే కళ్లకద్దుకుని తీసే ఇంట పుట్టిన పిల్ల. ఆ సంచి మూతి ముడివేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది.

"నువ్వు మరీ నసుగుతావే" అని తిట్టేది దఫ్రోజా అక్క. విమానంలో న్యామిజికి పైఉద్యోగి ఆవిడ, నోరు పెద్దది, మనసు మంచిది. "గట్టిగా అడుగు. నవ్వు. అప్పు అడగడానికొచ్చినదానిలా ఆ మొహం ఏంటి?"

"నవ్వుతూనే ఉన్నానక్కా."

"అది నవ్వా? పంటి నొప్పి అనుకున్నా."

న్యామిజి గట్టిగా అడిగింది, నవ్వింది, ఎర్రటి లిప్‌స్టిక్ కూడా వేసుకుంది. అడిగినకొద్దీ జనం కిటికీలకి మరీ అతుక్కుపోయారు.

అలాంటి రోజుల్లో మ్వాన్జాలో కలుందే అవ్వ ఎక్కింది. దార్‌లో కూతురికి పురుడు. ఈవిడకి విమానం ఎక్కడం ఇదే మొదలు. కిటికీ సీటు దొరికినా కిటికీ జోలికి పోలేదు, బండి రాగానే మెడ చాచి బండిలోకే చూసింది.

"ఏమే పిల్లా, అది చపాతీయేనా?"

"చపాతీయే అవ్వా. లోపల కోడి కూర ఉంటుంది."

"ఎంత?"

న్యామిజి చెప్పింది.

"అమ్మ బాబోయ్! మా ఊళ్లో ఆ డబ్బుకి కోడి కోడే వస్తుంది కదే!"

"ఆ కోడి విమానం ఎక్కదు కదా అవ్వా."

అవ్వ పకపకా నవ్వి, కొంగు ముడి విప్పి డబ్బిచ్చింది. పొట్లం విప్పింది. విప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్కన కోటు వేసుకున్నాయన ఉన్నాడు, ఆ పక్కన కాలేజీ పిల్ల ఉంది. ఇద్దరూ ఎటో చూస్తున్నారు.

"రండి నాయనా, తిందాం" అంది అవ్వ.

"కానివ్వండమ్మా, మీరు కానివ్వండి" అన్నాడు కోటాయన.

"కానివ్వడమేంటి? నువ్వు నోరు కట్టుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా?" చపాతీని మూడుగా చింపి ఒక ముక్క ఆయన చేతిలో, ఒక ముక్క పిల్ల చేతిలో పెట్టింది. తన ముక్క నోటిదాకా తీసుకెళ్లి, సీట్ల సందులోంచి వెనక్కి చూసింది. వెనక వరుసలో ముగ్గురున్నారు. అవ్వ ముక్కని తిరిగి పొట్లంలో పెట్టేసి న్యామిజి వైపు తిరిగింది. ఈసారి నవ్వు లేదు.

"నువ్వే ఊరి పిల్లవే?"

"న్జెగా, అవ్వా."

"న్జెగాలో ఇలాగే తింటారా? పదిమంది చూస్తుంటే ఒక్కళ్లు తినే తిండి అమ్ముతావేంటే, సిగ్గులేకపోతే సరి!"

న్యామిజికి చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే అది నిజం. ఆమె తన గదిలో తలుపు తీసుకుని అన్నం తింటుంటే, ఆ దారిన పోయేవాడు మొహం తెలియనివాడైనా సరే, రండి తిందాం అని పిలవకుండా ముద్ద ఎత్తదు. ఇక్కడెవరూ ఎత్తరు. అలాంటి మనుషుల మధ్య నిలబడి, ఇన్నాళ్లూ ఒక్కొక్కర్నీ విడదీసి "మీకు కావాలా, మీకు కావాలా" అని అడుగుతూ వచ్చింది. ఎన్నిసార్లు చూసిందో! చెయ్యి జేబులోకి పోయేది, కన్ను పక్కవాడి మీదకి పోయేది, చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చేది. పిసినారితనం అనుకుంది. వాళ్లు కిటికీలోకి చూసింది తనని తప్పించుకోడానికి కాదు, ఒకళ్ల ఆకలి ఒకళ్లకి కనబడకుండా దాచుకోడానికి. ఒట్టి మొహమాటం!

మర్నాడు మొదటి వరుస దగ్గర బండి ఆపింది. ముగ్గురు మగవాళ్లు, ఒకరికొకరు తెలియదు. ఏ ఒక్కరి మొహమూ చూడకుండా ముగ్గురికీ కలిపి అడిగింది.

"ఈ వరుసకి ఏం తెమ్మంటారు?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. విమానం ఎక్కాక అదే మొదటిసారి చూసుకోవడం. వాళ్లలో పెద్దాయన సర్దుకుని కూర్చున్నాడు.

"ఏమర్రా, మనకేం తెమ్మందాం?"

మనకి! న్యామిజికి అక్కడే గెంతులెయ్యాలనిపించింది. తర్వాత డబ్బు దగ్గర గొడవ. "నేనుండగా మీరిచ్చేదేంటి?" అని ఒకాయన, "పెద్దవాణ్ణి, నా మాట వినండి" అని ఇంకొకాయన, ఇద్దరి మధ్యా నలుగుతూ నోటు చేత్తో పట్టుకుని మూడో ఆయన. వాళ్లని చూసి పక్క వరుసకి పౌరుషం పొడుచుకొచ్చింది. "మాకూ తెండమ్మా, మేమేం తీసిపోయామా?"

వారం తిరిగేసరికి బండి ఖాళీగా వెనక్కి రావడం మొదలైంది. సంచి మూతి ముడివేసే పని తప్పింది. జనం కబుర్లలో పడ్డారు, పిల్లల ఫొటోలు చూపించుకున్నారు. దిగేటప్పుడు చేతులూపుకున్నారు. "ఇది విమానమా, పెళ్లి పందిరా?" అని దఫ్రోజా అక్క నెత్తి కొట్టుకుంది, కొట్టుకుంటూనే ఇంకో ఫ్లాస్కు టీ నింపి ఇచ్చింది.

ఒక్కటే చిక్కు. పక్కవాళ్లకి పెట్టేవాళ్లు ఊరుకోరు కదా, ఆమెనీ పిలిచేవారు. యూనిఫారంలో ఉండి ప్రయాణికుల ముందు నమలకూడదని శిక్షణలో ముషుంబుసి గారు గట్టిగా చెప్పారు. "డ్యూటీలో ఉన్నానండి" అని తప్పించుకునేది. "డ్యూటీలో ఉంటే కడుపుండదా?" అని వెనకనుంచి వినబడేది. వినబడనట్టు ముందుకి పోయేది.

ఇంతలో ఒక ప్రయాణికుడు కంపెనీకి ఫిర్యాదు రాశాడు. ముక్కూమొహం తెలియని ఇద్దరికి తనచేత బలవంతాన టిఫిను కొనిపించారని, ఇదేం మర్యాద అని. ముషుంబుసి గారు పిలిపించారు.

"మనం అమ్మేది ప్రయాణికుడికమ్మా, వరుసకి కాదు" అన్నారు మెల్లగా.

"ఆయన్ని మొహమాటపెట్టిన మాట నిజమే సార్. నా తప్పే. కావాలంటే ఇకనుంచి వద్దన్నవాళ్లకి ముందుగా మంచినీళ్ల గ్లాసు చేతికిస్తాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే చిన్నతనంగా ఉండదు. కానీ ఒక్కొక్కర్నీ అడగమంటే మాత్రం..."

"అంటే?"

"ఎవరూ తినరు సార్. మీరైనా తినరు."

నోరు జారాక నాలుక కరుచుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శుక్రవారం నేనే వస్తాను. నేనెవర్నో ఎవరికీ చెప్పకు. బండి ఉండాలో వద్దో, నువ్వు ఉండాలో వద్దో అక్కడే తేలుద్దాం."

శుక్రవారం ఆయన మధ్య సీటులో కూర్చున్నారు. కిటికీ వైపు కబుల అనే చేపల వ్యాపారం చేసే ఆవిడ, భారీ మనిషి. ఇటు వైపు రిటైరైన మాస్టారొకరు. ఆ వరుస దగ్గరికొచ్చేసరికి న్యామిజి ఆయన వంక చూడకుండా బండి ఆపింది. ముగ్గురికీ కలిపి అడిగింది.

"ఈ వరుసకి ఏం తెమ్మంటారు?"

"మూడు చపాతీలు, మూడు సంబూసాలు" అంది కబుల వెంటనే. "డబ్బు నాది. ఎవరైనా జేబులో చెయ్యి పెట్టారో, చూడండి!"

"నాకొద్దండీ. ఇప్పుడే తిన్నాను" అన్నారు ముషుంబుసి గారు. న్యామిజి మారు మాట్లాడకుండా మంచినీళ్లు ఆయన చేతికిచ్చింది.

"ఎక్కడ తిన్నావయ్యా?" అంది కబుల, ఆయన్ని ఎగాదిగా చూసి. "నీ డొక్కలు చూస్తుంటే నిన్నట్నించి తిన్నట్టు లేదు. పట్టు!"

మాస్టారు ముసిముసిగా నవ్వారు. అటు పక్కవాళ్లు పైకే నవ్వారు. ముషుంబుసి గారు రెండోసారి వద్దనడానికి నోరు తెరిచారు, చపాతీ అప్పటికే ఆయన చేతిలో ఉంది. తిన్నారు. మొదట మర్యాదకి కొరికినట్టు కొరికారు గానీ, తర్వాత ఆకలిగానే తిన్నారు. న్యామిజి ఊపిరి పీల్చుకుని బండి కదపబోయింది.

"ఆగవే పిల్లా" అంది కబుల. తన చపాతీలోంచి పెద్ద ముక్క చింపి, ముషుంబుసి గారి ముందునుంచే చెయ్యి చాపింది. "ఇది నీకు."

"డ్యూటీలో ఉన్నానత్తా."

"ఊరందరికీ పెట్టి నువ్వు పస్తుంటావా? తిను."

"తినకూడదత్తా, నిజంగా..."

కబుల చెయ్యి అలాగే గాల్లో ఉంది. మొహంలో నవ్వు మాత్రం తగ్గిపోయింది. చేతిని ఒకసారి తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. "చేపల కంపు కొడుతోందా నా చెయ్యి?" అంది చిన్నగొంతుతో. "చెప్పు, పర్లేదు. కడుక్కునే వచ్చాను. ఎంత కడిగినా పోదు మరి."

అటు పక్కవాళ్లు మెడలు తిప్పి చూశారు. ముషుంబుసి గారు తల ఎత్తి న్యామిజినే చూస్తున్నారు. తింటే ఆయన కళ్లెదుటే నియమం తప్పినట్టు, ఉద్యోగానికి నీళ్లొదులుకున్నట్టే. తినకపోతే ఇన్నాళ్లూ వరుస వరుసకీ తిరిగి అడిగిందంతా సరుకు అమ్ముకోడానికి పన్నిన ఎత్తు, అంతే. కబుల చెయ్యి వెనక్కి పోవడం మొదలైంది. ఆ చెయ్యి అలా ముడుచుకుపోతుంటే న్యామిజికి ఏడుపొచ్చింది.

పోతే పోయింది వెధవ ఉద్యోగం, అనుకుంది. రెండు చేతులూ చాచి ముక్క అందుకుని, యూనిఫారంలోనే, నడవ మధ్యలోనే నిలబడి తింది. మిరపకాయ నషాళానికంటి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగుందా?" అంది కబుల.

"చాలా బాగుందత్తా."

ముషుంబుసి గారు వేళ్లు తుడుచుకున్నారు. పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గ్లాసులో వేశారు. ఆయన తొందరపడే మనిషి కాదు.

"టీ ఉందా అమ్మా?"

"ఉంది సార్."

"ఈ వరుసకి నాలుగు."

న్యామిజి ఫ్లాస్కు పట్టుకుని తెల్లబోయి చూసింది. "వరుసలో ముగ్గురే కదా సార్?"

"నాకు లెక్కలొచ్చు. నాలుగు పొయ్యి. డబ్బు నాది."

"అదేం కుదరదు, టీ డబ్బులు నేనిస్తా" అని మాస్టారు లేవబోయారు. కబుల ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. న్యామిజి మూడు కప్పులు ముగ్గురికీ అందించింది. నాలుగోది పోస్తుంటే బండి మీద కాస్త ఒలికింది. ఆ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడిపోయింది.

"చల్లారిపోతోంది, తాగు" అన్నారు ముషుంబుసి గారు. "సోమవారం ఆఫీసుకొచ్చి ఉద్యోగం ఖాయం కాగితం మీద సంతకం పెట్టి వెళ్లు."