రెండు ముళ్లు, ఒక అబద్ధం

ఎనభైల్లో మామిడి వ్యాపారం చేసే మా నాన్నకి ఒక పాత కారు ఉండేది. అది వయసులో నాకన్నా పెద్దది. ఇంట్లో మర్యాద కూడా దానికే ఎక్కువ. డిగ్రీ అయ్యాక డ్రైవింగు నేర్పించమని ఆయన్ని నెల్లాళ్లు పోరి పోరి ఒప్పించాను. నూజివీడు తోటల మధ్య దారుల్లో నేను నడుపుతుంటే పక్కన మా అమ్మ కూర్చునేది, కళ్లు గట్టిగా మూసుకుని.

రెండో వారంలో వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లింది. మా నాన్న నడిపినా అంతే, నేను నడిపినా అంతే. తప్పు మాత్రం నాదే. "క్లచ్ మీద కాలేసి తోలి ఇంజన్ని మరిగించేసిందండీ మా అమ్మాయి" అని కాయ బేరానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మెకానిక్ ముల్లు వంక చూశాడు, నా వంక చూశాడు, "ఇంజను బోరుకొచ్చిందండీ, సిలిండర్లు అరిగిపోయాయి, విప్పాలి" అన్నాడు. బానెట్ ఎత్తిన పాపాన పోలేదు.

"సోమవారం ఇంజను విప్పిస్తున్నా. నువ్వు ఇంక తాళం ముట్టుకోకు" అన్నాడు మా నాన్న.

అంటే నా డ్రైవింగు అక్కడితో సరి. ఏడుపు రాలేదు కానీ ఒళ్లు మండింది. నాచేత ఫిజిక్సు చదివించింది ఆయనే. ఎందుకు చదివించాడో అడిగితే ఆయనే చెప్పలేడు.

ఆదివారం ఆయన కారులో బాపులపాడు తోట చూసుకుని రాగానే, ఇంజను ఆపకముందే బానెట్ ఎత్తాను. ముల్లు ఎర్రగీత మీదే ఉంది. రేడియేటరులో మాత్రం ఆవిరి లేదు, మరిగే చప్పుడూ లేదు. పెట్రోలు మీటరు అర ట్యాంకు అంటోంది. ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే పావు కూడా సరిగ్గా లేదు. రెండు మీటర్లూ ఒకేసారి, ఒకే వైపుకి అబద్ధమాడుతున్నాయంటే వాటికి అది నేర్పిన గురువు ఒకడే అయ్యుండాలి.

కారుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే గురువుగారు దొరికారు. డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెంత రేకు డబ్బా. బ్యాటరీ కరెంటుని పది వోల్టులకి తగ్గించి రెండు మీటర్లకీ ఇవ్వడం దాని పని. ఆ రేకు కారు బాడీకి తగులుతూ ఉండాలి, అదే దానికి ఎర్త్. తగలకపోతే ఉన్న కరెంటంతా వదిలేస్తుంది. అప్పుడు ముళ్లు గోరంతని కొండంత చేసి చూపిస్తాయి.

టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను. డబ్బాకి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, బుట్టలకి కట్టే పురికొసతో బిగించి ఉంది. ఆ ముడి ఎవరిదో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. కాయకి కాయ తగలకూడదని బుట్టలో గడ్డి పరిచి సర్దే చెయ్యే అది.

"ఇది నువ్వేనా కట్టింది, నాన్నా?"

"ఆఁ. ఈమధ్య తోటదారిలో గలగలమంటుంటే స్క్రూ పీకేసి కట్టా. మెత్తగా ఉంటే దెబ్బ తగలదు కదా."

"ఇదేమన్నా చిన్న రసం మామిడికాయా, దెబ్బ తగిలితే మచ్చ పడ్డానికి?"

ట్యూబు కోసేసి, బాడీ మీద తుప్పు గీకి, డబ్బాని స్క్రూతో బిగించాను. ఇంజను స్టార్ట్ చేశాను. వేడి ముల్లు మెల్లగా దిగి మధ్యలో నిలబడింది. పెట్రోలు ముల్లు పావు కిందికి జారింది. మా నాన్న చాలాసేపు చూసి బానెట్ నిమిరాడు. "పాపం, దీన్ని ఉత్తపుణ్యానికి విప్పించేవాణ్ణి" అన్నాడు. నాతో ఒక్క మాట లేదు. ఆయన మీద అంత కోపం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు.

తర్వాత అటు తిరిగి వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. "పెట్రోలు లేదుగా. బంకు దాకా పోనీ" అన్నాడు.

బంకులో పెట్రోలు కొట్టే అతను నవ్వాడు. "అమ్మాయిగారు తోలితే ఇంజను మరిగిపోతోందన్నారు కదండీ?"

మా నాన్న అద్దం పూర్తిగా దించాడు. అక్కడ లారీల వాళ్లు, స్కూటర్ల వాళ్లు చాలామంది ఉన్నారు.

"దాని తప్పేం లేదయ్యా. పాడుచేసింది నేను, బాగుచేసింది మా అమ్మాయి. తెలీక దాన్నే అన్నాను, ఊరంతా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు ఇది కూడా చెప్పు అందరికీ."

నా కళ్లు మసకబారాయి. బయల్దేరబోతూ క్లచ్ ఠక్కున వదిలేశాను. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. అందరూ నవ్వారు. మా నాన్న నవ్వలేదు.

"ఏం కాలేదు. మళ్లీ స్టార్ట్ చెయ్యమ్మా" అన్నాడు.