తాతయ్య రివాల్వర్‌కి నాన్న పెట్టిన మెరుగు

నాన్న పనిముట్ల పెట్టెకి పట్టిన తుప్పు వదిలిద్దామని ఇవాళ ఎమరీ కాగితం కొన్నాను. ఆ వాసనకి స్మృతి నగర్ ఇంటి వరండా కళ్ళ ముందుకొచ్చింది. భిలాయ్ నేస్తాలూ, మన నాన్నల చొక్కాలకి ఎప్పుడూ ఉండే ఆ నూనె, ఇనుపరజను వాసన గుర్తుందా?

తొంభైల్లో సంగతి. రైల్వే గార్డుగా చేసిన తాతయ్య పోయాక, ఆయన ట్రంకుపెట్టెలో దుప్పటి మడతల మధ్య ఒక పాత రివాల్వరూ, దాని లైసెన్సూ దొరికాయి. అది ఆయనకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. తుప్పు పట్టిన వస్తువుని చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. రెండు ఆదివారాలు కూర్చుని రుద్ది, అద్దంలా చేసి, దుర్గ్‌లో తుపాకుల కొట్టుకి వెల కట్టించడానికి పట్టుకెళ్ళారు. స్కూటర్ వెనక నేను.

కొట్టులో పెద్దాయన భూతద్దం పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"భాయీసాబ్, దీన్ని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే ముద్రలుండాలి. ఏవీ?" అన్నాడు హిందీలో.

నాన్న దాన్ని అందుకుని, తను రుద్ది నున్నగా చేసిన చోట బొటనవేలితో తడిమి చూశారు.

"తుప్పుతోనే తెచ్చుంటే చెప్పేవాణ్ణి. ఇప్పుడు వెల కట్టలేను."

తిరిగొస్తూ దారిలో నాన్న స్కూటర్ ఆపేశారు.

"ఏటమ్మా, నాను బాగు సేసినానా, పాడు సేసినానా?"



ఇప్పుడు ఈ పనిముట్ల పెట్టె మూత మీద, తుప్పు మధ్యలో, నాన్న మేకుతో గీసుకున్న పేరు సగం కనిపిస్తోంది. రుద్దితే పేరు పోతుంది. వదిలేస్తే తుప్పు తినేస్తుంది.

మీరైతే ఏం చేస్తారు?