ఇన్‌స్పెక్టరుగారికి తీసిన దిష్టి

ఇది రాయడం ఎందుకులే అనుకున్నాను గానీ, నవ్వు ఆగడం లేదు. జగ్గయ్యపేటలో బడి గేటు పక్కనే నా కిళ్ళీ కొట్టు. నందిగామ నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని, కొత్త సైన్సు మాస్టారు పొద్దున్నే వచ్చి కాస్త సున్నం పట్టుకెళ్ళారు. ఆయనకిదే మొదటి తనిఖీ. నేను చదివింది పొట్లాల కాగితాలే అయినా సైన్సంటే సరదా. ఇన్‌స్పెక్టరుగారు రాగానే వెళ్ళి తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఏడో తరగతి పిల్లల ముందు మాస్టారు పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి సున్నం కలిపారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. "ఇది క్షారం. ఇప్పుడు నిమ్మరసం పిండితే..." అంటూ కాయ కోయడానికి అటు తిరిగారో లేదో, ఆయా వీరమ్మ ఆ పళ్ళెం ఎత్తి, ఇన్‌స్పెక్టరుగారి చుట్టూ మూడుసార్లు తిప్పి, గేటు బయట పారబోసి వచ్చింది.

"అయ్యో, అది నా పాఠం వీరమ్మా!"

"పెద్దాయన ముందు ఎర్రనీళ్ళు పెట్టి, తిప్పకుండా ఊరుకుంటారాండీ?"

ఇన్‌స్పెక్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వి, "మళ్ళీ కలపండి మాస్టారూ, దిష్టి ఎలాగూ పోయింది" అన్నారు.

నేను పరుగున వెళ్ళి ఇంకాస్త సున్నం తెచ్చాను. ఈసారి నిమ్మరసం పడగానే ఎర్రనీళ్ళు తిరిగి పసుపయ్యాయి. ఎర్రబరచడం మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. వెనక్కి తిప్పడం నేనిప్పుడే చూశాను. మీలో ఎవరైనా ముందే చూశారా?

పాఠం అయ్యాక వీరమ్మ ఆ పసుపు నీళ్ళను కూడా తీసుకెళ్ళి గేటు బయట పోసింది.