పంది అండాశయం సాక్షిగా

ఆవిణ్ణి ఇంట్లో అందరూ ఫ్లాస్కు వదిన అంటారు. పొద్దున్నే కబేళాకి వెళ్ళి, అప్పుడే కోసిన పందుల అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీళ్ళ ఫ్లాస్కులో వేసుకుని, బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ప్రయోగశాలకు చేర్చడం ఆవిడ ఉద్యోగం. పక్క సీటువాళ్ళు టీ అనుకుని ఆశగా చూస్తే, గంభీరంగా మూత ఇంకాస్త బిగిస్తుంది.

ఆవిడ తమ్ముడి భార్యకు మొదటి కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ ప్రొజెస్టెరాన్ మాత్రలు రాసింది. అట్ట మీద ఆ పేరు చూసిన ఫ్లాస్కు వదిన, భోజనాల దగ్గర ఉండబట్టలేక, "అరె, ఇది మా పందులదే!" అనేసింది.

ఆ మహావాక్యంతో మరదలు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు.

"చచ్చినా పంది సరుకు నోట పెట్టను వదినా!"

"ఈ మాత్రలు మొక్కల సరుకుతో చేస్తారే తల్లీ!"

"పందులదేనని మీరే కదా అన్నారు!"

నచ్చజెప్పబోయిన తమ్ముడు ఇద్దరిచేతా చీవాట్లు తిన్నాడు. మళ్ళీ కడుపు పోతే ఆ పాపం తన నోటిదేనని వదినకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే మరదల్ని ప్రయోగశాలకు లాక్కెళ్ళి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

"అండాశయంలోంచి తీసిన కణాలివి. ఆ పంది ఏనాడో పోయింది. ఈ గిన్నెకి ఏమీ ఇవ్వలేదు. ఆ గిన్నెలో మాత్రం మెదడు కింది గ్రంథి పంపే హార్మోను కాస్త పోశాం."

మొదటి గిన్నెలో కణాలు సెలవురోజు గుమస్తాల్లా సాగిలపడి ఉన్నాయి. రెండోదాంట్లో ఒక్కొక్కటీ ఉబ్బి, మెరిసే కొవ్వు బొట్లు నింపుకుని, పనిలో తలమునకలుగా ఉంది. యజమాని పోయి, కార్యాలయం కూలిపోయాక కూడా, ఉత్తర్వు అందిందని ఇంత శ్రద్ధగా పనిచేసే సిబ్బంది ఏ ప్రభుత్వానికీ దొరకలేదు.

"ఏం చేస్తున్నాయి?" అంది మరదలు, వాటికి వినబడుతుందేమో అన్నట్టు మెల్లగా.

"ప్రొజెస్టెరాన్. బిడ్డను పట్టి ఉంచమని గర్భసంచికి చెప్పేది అదే. పందిలోనూ అదే, నీలోనూ అదే. రవ్వంత తేడా లేదు."

"ఇక్కడ గర్భసంచీ లేదు, బిడ్డా లేదు. మరి ఎవరికోసం వదినా?"

ఇన్నేళ్ళుగా చూస్తున్నా వదినకు ఆ ప్రశ్న తట్టలేదు. తనూ వంగి ఆ గిన్నెకేసి కొత్తగా చూసింది.

మరదలు చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసింది. వెంట తెచ్చుకునే వచ్చిందన్నమాట.

"మంచినీళ్ళివ్వండి. ఆ ఫ్లాస్కులోవి మాత్రం వద్దు."

మాత్ర మింగి, మళ్ళీ కన్ను అద్దానికి ఆనించింది.